విండోస్‌లో యూజర్ ప్రొఫైల్ చెడిపోతే: లక్షణాలు, కారణాలు, పరిష్కారం

లక్షణాలు

విండోస్‌లో మీ అకౌంట్‌కు చెందిన ఫైళ్లు, సెట్టింగులు అన్నీ కలిపి యూజర్ ప్రొఫైల్ అంటారు. పాస్‌వర్డ్ సరిగ్గానే ఇచ్చినా, లోపలికి వెళ్లాక కంప్యూటర్ అప్పుడే కొన్నదానిలా కనిపించడం ఈ సమస్యకు మొదటి గుర్తు. వాల్‌పేపర్ మారిపోయి ఉంటుంది, డెస్క్‌టాప్ మీద రీసైకిల్ బిన్ తప్ప పెద్దగా ఏమీ మిగలదు, బ్రౌజర్‌లో బుక్‌మార్కులు ఉండవు, డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఖాళీగా తెరుచుకుంటుంది. మీరు తాత్కాలిక ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యారన్న సందేశం ఒకటి తెర మూలన కనిపించి పోతుంది. కొన్నిసార్లు అంతవరకూ రానివ్వకుండానే, యూజర్ ప్రొఫైల్ సర్వీస్ విఫలమైందని, ప్రొఫైల్ లోడ్ కావడం లేదని చెప్పి విండోస్ లాగిన్ తెర దగ్గరే ఆపేస్తుంది.

ఫైళ్లన్నీ పోయాయని అనుకోవడానికి ముందు ఒక్కచోట చూడాలి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ తెరిస్తే, టెంప్ అనే పేరుతో ఒక కొత్త ఫోల్డర్, దాని పక్కనే మీ పేరుతో పాత ఫోల్డర్ కనిపిస్తాయి. చాలా సందర్భాల్లో ఫోటోలు, పత్రాలు ఆ పాత ఫోల్డర్‌లో చెక్కుచెదరకుండా ఉంటాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్‌లోకి మారి ఉంటే, అదే ఫోల్డర్‌లోని వన్‌డ్రైవ్ అనే ఉపఫోల్డర్‌లో వెతకాలి.

తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉన్నంతసేపూ ఏ పనీ మొదలుపెట్టకండి. లాగ్‌ఆఫ్ అయిన వెంటనే విండోస్ ఆ ఫోల్డర్‌ను తుడిచేస్తుంది కనుక, అక్కడి డెస్క్‌టాప్ మీద దాచుకున్నది ఏదైనా దానితోపాటే పోతుంది. ఈ సమస్యలో నిజంగా ఫైళ్లు పోగొట్టుకునే దారుల్లో ఇదొకటి.

కారణం

మీ సెట్టింగుల్లో చాలావరకు మీ ఫోల్డర్‌లోనే ఎన్‌టీయూజర్ డాట్ డ్యాట్ (NTUSER.DAT) అనే దాగి ఉన్న ఫైలులో ఉంటాయి. మీరు లాగిన్ అయినప్పుడు విండోస్ ముందుగా తన సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలోని ప్రొఫైల్ లిస్ట్ చూసి, మీ అకౌంట్ గుర్తింపు సంఖ్యకు ఏ ఫోల్డర్ కేటాయించి ఉందో తెలుసుకుంటుంది. ఆ తరువాత ఆ ఫోల్డర్‌లోని ఫైలును చదువుతుంది. ఈ రెండింటిలో ఏది తప్పినా తెర మీద కనిపించే లక్షణం ఒక్కటే, కానీ పరిష్కారాలు వేరు. మొదటిది తప్పితే ఇల్లు పదిలంగానే ఉండి చిరునామా మాత్రం చెరిగిపోయినట్లు, దాన్ని సరిదిద్దవచ్చు. రెండోది తప్పితే, అంటే ఆ ఫైలే చెడిపోతే, దానితో కుస్తీ పట్టడం కంటే కొత్త అకౌంట్‌కు మారడమే మేలు.

ఏది తప్పిందో తెలుసుకోవడానికి, విండోస్ నమోదుచేసిన దోషాలను చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లోని అప్లికేషన్ విభాగంలో యూజర్ ప్రొఫైల్ సర్వీస్ పేరుతో నమోదైన దోషాలను చూడండి. 1511 అని ఉంటే విండోస్‌కు ప్రొఫైల్ దొరకలేదని అర్థం. 1508 ఉంటే రిజిస్ట్రీ ఫైలును, అంటే పైన చెప్పిన ఎన్‌టీయూజర్ ఫైలును, లోడ్ చేయలేకపోయిందని అర్థం. దాని కింద ఉన్న వివరాన్ని వదలకుండా చదవండి. ఫైలును మరో ప్రోగ్రామ్ వాడుతోందని ఉంటే యాంటీవైరస్ లాంటిదేదో దాన్ని పట్టుకుని కూర్చుందన్నమాట. డేటా చెడిపోయిందని ఉంటే ఫైలే పాడైంది.

ఆగకుండా నడుస్తున్న కంప్యూటర్‌కు కరెంటు పోవడం, అప్‌డేట్ మధ్యలో పవర్ బటన్ నొక్కి ఆపేయడం, సి డ్రైవ్ పూర్తిగా నిండిపోవడం, డిస్క్‌లో లోపాలు తలెత్తడం, యూజర్స్‌లోని తమ ఫోల్డర్ పేరును చేత్తో మార్చేయడం సాధారణంగా దీనికి దారితీస్తాయి.

పరిష్కారం

మొదట రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ సిస్టమ్‌ను పూర్తిగా ఆపదు. ఫైలును ఏదైనా ప్రోగ్రామ్ పట్టుకుని ఉండటమే కారణమైతే దీనితోనే పని అయిపోవచ్చు.

అలా కాకపోతే, మరమ్మతుకు దిగేముందు పాత ఫోల్డర్‌ను బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉన్నా మీ అకౌంట్ హక్కులు మారవు కనుక, మీకు అడ్మినిస్ట్రేటర్ హక్కులుంటే అక్కడినుంచే సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ విభాగంలో ఇంకో అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ తయారుచేసుకుని, మిగతా పనంతా దానిలోనుంచి చేయవచ్చు. లాగిన్ తెర దగ్గరే ఆగిపోతే, షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ ఎంచుకుని, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి, 4 నొక్కి సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి. డ్రైవ్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం వేసి ఉంటే ఈ దారిలో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, దాన్ని ముందే దగ్గర పెట్టుకోండి.

చిరునామా తప్పిన సందర్భంలో రన్ పెట్టెలో రెజెడిట్ (regedit) అని కొట్టి రిజిస్ట్రీ ఎడిటర్ తెరవండి. లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్ వరుసలో వెళితే ప్రొఫైల్ లిస్ట్ వస్తుంది. దాన్ని ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ఇక్కడ పొరపాటు జరిగితే వెనక్కి తీసుకునే బటన్ లేదు. ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవాటి పేర్లను ఒక్కొక్కటిగా నొక్కి, కుడివైపు ప్రొఫైల్ ఇమేజ్ పాత్ విలువ చదవండి. ఒకే సంఖ్యతో రెండు పేర్లుండి, ఒకదాని చివర డాట్ బ్యాక్ (.bak) అని ఉంటే, ఆ డాట్ బ్యాక్ ఉన్నదే మీ అసలు ప్రొఫైల్. లేనిది టెంప్ ఫోల్డర్‌ను చూపిస్తుంది. లేనిదాని పేరు చివర వేరే ఏదైనా గుర్తు చేర్చి పక్కకు తప్పించండి, తరువాత అసలుదాని చివరనున్న డాట్ బ్యాక్ తీసేయండి. దానిలో రెఫ్ కౌంట్, స్టేట్ అనే విలువలుంటే రెండింటినీ 0 చేసి రీస్టార్ట్ చేయండి. డాట్ బ్యాక్ ఉన్నది ఒక్కటే కనిపిస్తే ఆ చివరి భాగం తీసేసి, ఆ రెండు విలువలనూ అలాగే 0 చేస్తే చాలు.

ఫైలే చెడిపోయిన సందర్భంలో, తయారుచేసుకున్న కొత్త అకౌంట్‌లోకి మీ పత్రాలు, ఫోటోలు, డౌన్‌లోడ్లు మాత్రమే తెచ్చుకోండి. ఎన్‌టీయూజర్ అని మొదలయ్యే ఫైళ్లను తేవద్దు. తెస్తే జబ్బు కూడా వెంట వస్తుంది. ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే యాప్‌డేటా ఫోల్డర్‌ను మొత్తంగా ఎత్తి తెచ్చి పోయడమూ మంచిది కాదు, ఏ ప్రోగ్రామ్‌కు ఏది కావాలో చూసి దాన్నే తెచ్చుకోవాలి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు పాత అకౌంట్‌కు ముడిపడి గుప్తీకరించి ఉంటాయి కనుక కాపీతో రావు. సింక్ ఆన్‌లో ఉండి ఉంటేనే తిరిగి దొరుకుతాయి. విండోస్‌లో గుప్తీకరించి పెట్టుకున్న ఫైళ్లు కూడా వాటి సర్టిఫికెట్ లేకుండా కొత్త అకౌంట్‌లో తెరుచుకోవు. అందుకే పాత అకౌంట్‌ను అప్పుడే తొలగించకండి.

ఏ దారిలో బాగుపడినా, సి డ్రైవ్ ప్రాపర్టీస్‌లోని టూల్స్ కింద ఎర్రర్ చెకింగ్ నడపండి, డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడండి. కొత్త అకౌంట్ కూడా కొన్నాళ్లకు ఇలాగే చెడితే తప్పు ప్రొఫైల్‌ది కాదు, డిస్క్‌ది అయ్యుంటుంది. అలాంటప్పుడు రిజిస్ట్రీని మళ్లీ తెరవడం మాని, డేటా బయటికి తీసి డిస్క్ మార్చండి.