ప్రాసెసర్ స్పీడు మనమే కొలుద్దాం – 4వ భాగం: పెట్టె మీది అంకె బోర్డు మీద వస్తోందా?

పోయిన భాగంలో ప్రాసెసర్ వేగం, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాల్ చేసుకుని, దాని సెన్సర్ల పేజీ ఎలా చదవాలో చూశాం. ఈసారి దానితో అసలు పనిలోకి దిగుదాం.

ముందు పెట్టె మీది ఆ అంకె సంగతి తేల్చాలి. ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 9 3900ఎక్స్‌కు 4.6 గిగాహెర్ట్జ్ బూస్ట్ అని చెబుతారు. అంటే దానిలోని పన్నెండు కోర్లూ (విడివిడిగా పని చేసే భాగాలు) కలిసి 4.6లో పరుగెత్తుతాయని కాదు. పని తేలిగ్గా ఉన్నప్పుడు ఏదో ఒక కోర్ అందుకోగల గరిష్ఠ వేగం అది. కోర్లన్నిటి మీదా బరువు పడితే 4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలకు దిగడం మామూలే. ఇది తెలియని రోజుల్లో నేను పెద్ద రెండరింగ్ పెట్టి, అంకె చూసి, మదర్‌బోర్డు పాడైందని టెన్షన్ పడ్డాను. బోర్డు బాగానే ఉంది, నా పరీక్షే తప్పు.

కాబట్టి ఒక్క కోర్‌నే పరీక్షిద్దాం. బ్రౌజర్‌తో సహా అన్నీ మూసేయండి. ప్రాసెసర్‌కు పని పెట్టి పరీక్షించే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రామ్‌లో సింగిల్ కోర్ పరీక్ష మొదలుపెట్టండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో మామూలుగా 2 సెకన్లకోసారి రీడింగ్ తీసుకుంటుంది, బూస్టేమో అంతకంటే చాలా తక్కువ సమయంలో వచ్చి పోగలదు. అందుకే రీడింగుల మధ్య వ్యవధిని అర సెకనుకు తగ్గించండి. మరీ తగ్గిస్తే ఇంకో చిక్కు: కొలిచే ప్రోగ్రామే నిద్రపోతున్న కోర్లను మాటిమాటికీ తట్టిలేపి, బూస్ట్‌ను కిందికి లాగుతుంది. జ్వరం చూడబోయి థర్మామీటరుతోనే ఒళ్లు వేడెక్కించినట్టు!

ఇప్పుడు రెండు వరుసలు చూడాలి. 'కోర్ క్లాక్' ఆ క్షణంలో కోర్‌కు ఇచ్చిన వేగం. 'ఎఫెక్టివ్ క్లాక్' కోర్ నిద్రపోయిన సమయాన్ని కూడా లెక్కలో వేసుకున్న సగటు. మొదటిదాంట్లో 4600 మెగాహెర్ట్జ్ (అంటే 4.6 గిగాహెర్ట్జ్) ఒక్కసారి మెరిసి, పరీక్ష జరుగుతున్నంతసేపూ రెండోది 4450 దగ్గరే ఉంటే, నేను రెండోదాన్నే నమ్ముతాను. అన్ని కోర్లూ గరిష్ఠాన్ని అందుకోలేదని కంగారు పడకండి. ఒకే చిప్‌లోనూ కొన్ని కోర్లు మెరుగ్గా ఉంటాయి, విండోస్ తేలికపాటి పనిని వాటికే అప్పగించాలని చూస్తుంది.

4600 రావలసిన చోట 4591 కనిపిస్తే? కోర్ వేగం అంటే బోర్డు ఇచ్చే మూల వేగాన్ని (బేస్ క్లాక్‌ను) మల్టిప్లయర్ అనే గుణకంతో గుణించిన లబ్ధం. బోర్డు 100కు బదులు 99.8 మెగాహెర్ట్జ్ ఇస్తోందనుకోండి, 46తో గుణిస్తే వచ్చేది 4590.8. ఆ తొమ్మిది మెగాహెర్ట్జ్ కోసం బోర్డు మార్చకండి.

100 మెగాహెర్ట్జ్, అంతకు మించి తగ్గితే మాత్రం మొదట వేడి చూడండి, ఆ తర్వాత బయోస్ (బోర్డును నడిపించే, దానిలోనే ఉండే ప్రోగ్రామ్) వెర్షన్. బయోస్ ఎందుకంటే, 2019 జులైలో రైజెన్ 3000 వరుస వచ్చినప్పుడు చాలామందికి చెప్పిన బూస్ట్ రాలేదు. కొన్ని సందర్భాల్లో వేగం తగ్గడానికి ఫర్మ్‌వేర్‌లోని లోపమే కారణమని సెప్టెంబరులో ఏఎమ్‌డీయే ఒప్పుకుని, బయోస్‌లో కలిపేందుకు తాను ఇచ్చే అజీసా అనే కోడ్ కొత్త వెర్షన్ 1.0.0.3 ఏబీబీఏతో సరిదిద్దింది. సుమారు 25 నుంచి 50 మెగాహెర్ట్జ్ పెరుగుతుందని చెప్పింది. అయితే అజీసా నేరుగా మన చేతికి రాదు. ప్రతి బోర్డు కంపెనీ దాన్ని తన బయోస్‌లో కలిపి విడుదల చేయాలి. ఒకే ప్రాసెసర్ రెండు బోర్డుల మీద రెండు రకాలుగా నడవడానికి ఇదొక పెద్ద కారణం.

మరి ఖరీదైన బోర్డు? ఒక్క కోర్ బూస్ట్ విషయంలో దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. ఒక్క కోర్ తాగే కరెంటు ఏ మాత్రం? రైజెన్ చిప్ కూర్చునే ఏఎమ్4 సాకెట్‌లో, 105 వాట్లని పేర్కొన్న చిప్‌కు మామూలుగా వాడుకోగల హద్దు 142 వాట్లు, 65 వాట్లని పేర్కొన్నదానికి 88. ఒక కోర్ పని చేసేటప్పుడు వాటి దరిదాపులకే పోదు. కోర్లన్నీ కలిసి శ్రమించినప్పుడే బోర్డు బలం బయటపడుతుంది. ఇంటెల్ వైపు ఈ తేడా ఇంకా ఎక్కువ. కోర్ ఐ9-10900కె దీర్ఘకాలం వాడుకోవలసింది 125 వాట్లు, సుమారు 56 సెకన్ల పాటు 250 వరకూ పోవచ్చు. ఈ గడువును పట్టించుకోకుండా వచ్చే బోర్డులు చాలానే ఉన్నాయి. ఆ ప్రాసెసర్ గరిష్ఠ వేగం 5.3 గిగాహెర్ట్జ్‌కు ఇంకో షరతు, చిప్ వేడి 70 డిగ్రీలు దాటకూడదు.

ఈ వారం పని: బయోస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చి, పరీక్షను మూడుసార్లు నడపండి. ప్రతిసారీ బయోస్ వెర్షన్, బేస్ క్లాక్, కోర్ క్లాక్ గరిష్ఠం, ఎఫెక్టివ్ క్లాక్, వేడి రాసుకోండి. తర్వాత బయోస్‌లో ర్యామ్ ప్రొఫైల్ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఒక్కటి ఆన్ చేసి మళ్లీ మూడుసార్లు. కొన్ని బోర్డులు ఆ ప్రొఫైల్‌తో పాటు పవర్ హద్దులనూ చడీచప్పుడు లేకుండా మార్చేస్తాయి. మీది కూడా ఆ బాపతేనా అన్నది వచ్చే భాగంలో, కోర్లన్నిటి మీదా బరువు పెట్టి పట్టుకుందాం. ఆ కాగితం పారేయకండి.