హుస్సేన్ సాగర్ తెరచాప పోటీలకు వెళ్తున్నారా? ముందు గాలి ఎటుందో చూసుకోండి

హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ పోటీలు ఎక్కువగా జూలైలోనే పెడతారు. వానాకాలపు పడమటి గాలి అప్పుడు బాగా వీస్తుంది. పడవలకు పనికొచ్చే ఆ గాలే ఒడ్డున ఉన్నవాళ్లను ఏడిపిస్తుంది.

అందుకే ఎక్కడ నిలబడాలో ముందే అనుకోండి. గాలి నెక్లెస్ రోడ్డు వైపు నుంచి ట్యాంక్‌బండ్ మీదికి కొడుతుంది. ట్యాంక్‌బండ్ మీద ఉంటే జల్లు మొహానే పడుతుంది, నీటి వాసనా అటే వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు అటు వెళ్లకపోవడమే మంచిది. నెక్లెస్ రోడ్డు వైపైతే గాలి వీపుకు తగులుతుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నేనైతే అదే చెప్తాను. ఎటు వెళ్లినా గొడుగు దండగ. ఒక్క విసురుకు తిరగబడి పక్కవాళ్ల కంట్లో గుచ్చుకుంటుంది. రెయిన్‌కోటు వేసుకోండి.

ఫోటో కోసం పిల్లల్ని రెయిలింగ్ ఎక్కించొద్దు. నీళ్ల అంచున రాళ్లు నాచు పట్టి జారుతుంటాయి. ఆ నీళ్లలో కాళ్లు కడుక్కునే సరదా కూడా వద్దు, ఏళ్ల తరబడి నాలాల మురుగు కలిసిన చెరువు అది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినండి. బొగ్గుల మీద అప్పుడే కాల్చిన మొక్కజొన్న పొత్తు ఫర్వాలేదు. పానీపూరీ, కోసి పెట్టిన పండ్లు మాత్రం ఎంత నోరూరినా వద్దు.

లేజర్ అనే రకం చిన్న తెరచాప పడవలో ఉండేది ఒక్కరే. గాలి ఎక్కువైతే అది పక్కకు ఒరిగి తెరచాప నీళ్లలో పడుతుంది. చూసేవాళ్లు టెన్షన్ పడి కేకలు పెడతారు గానీ, ఆటగాళ్లకు అది మామూలే. పడవ అడుగున పొడుచుకొచ్చిన పలక మీద నిలబడి, బరువంతా వెనక్కి వేస్తే పడవ మళ్లీ లేస్తుంది. రెస్క్యూ బోట్లు కూడా దగ్గర్లోనే తిరుగుతుంటాయి. మీరు మాత్రం నీళ్లలోకి దిగొద్దు.

ఎరుపు, తెలుపు చారల జెండా ఎగిరిందంటే రేసు వాయిదా పడినట్టు. గాలి పడిపోతే గంటల తరబడి ఆగాల్సి రావచ్చు. షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే తిండి, మందులు వెంట పెట్టుకోండి. ఉరుము వినబడితే చెట్ల కిందికి పోకుండా కారులోకో పక్కా భవనంలోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావొద్దు.

రేసు అయ్యాక చెరువు మధ్యలోని బుద్ధుడి విగ్రహం దగ్గరికి బోటెక్కాలనుకుంటే లైఫ్‌జాకెట్ అడిగి తీసుకుని, బకిల్స్ బిగించుకోండి. 1990లో ఆ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఇదే చెరువులో ఒరిగి కొందరి ప్రాణాలు పోయాయి. మునిగిన విగ్రహాన్ని 1992లో గానీ పైకి తీయలేకపోయారు. గాలి జోరుగా ఉన్న రోజు ఆ షికారు మానుకోండి, బుద్ధుడు ఎక్కడికీ పోడు.

ఇక ట్రాఫిక్. మీరు వెళ్లే ఆదివారమే సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలు పడితే చాలా దారులు మళ్లిస్తారు. కారు ఇంట్లోనే వదిలేసి ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో రండి. నెక్లెస్ రోడ్, సంజీవయ్య పార్క్ స్టేషన్లు రెండూ చెరువు పక్కనే. తిరుగు రైలు టైమ్ మాత్రం వచ్చేటప్పుడే చూసి పెట్టుకోండి.