బండి బాగు – 9వ పాఠం: వదలని బ్రేకు

కొత్త బ్రేకు ప్యాడ్లు (డిస్కును నొక్కి చక్రాన్ని ఆపే పలకలు) వేసిన రెండు నెలలకే ఒక చక్రం దగ్గరవి మాత్రం రేకులా అరిగిపోతే తప్పు ప్యాడ్లది కాదు. పెడల్ మీద నుంచి కాలు తీసినా అక్కడ బ్రేకు డిస్కును వదలడం లేదు. షెడ్లలో దీన్నే ‘బ్రేకు పట్టేసింది’ అంటారు. ఈ పాఠం ముందు చక్రాలకు డిస్కు బ్రేకులున్న మామూలు కారు గురించి. డ్రమ్ముల సంగతి మరోసారి.

గుర్తులు మీకు తెలిసే ఉంటాయి. బండి ఒక పక్కకు లాగుతుంది, న్యూట్రల్‌లో వదిలితే సాగకుండా ఆగిపోతుంది, దిగగానే ఘాటైన కాలిన వాసన వస్తుంది. అయితే వాసన ఒక్కదాన్నే నమ్మకండి. తిరుమల కొండ దిగుతూ గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు ఉంచినవాళ్లకు అలిపిరి చేరేసరికి ఇదే వాసన వస్తుంది. అప్పుడు ముందు చక్రాలు రెండూ దాదాపు సమానంగా కాలతాయి. మనం వెతుకుతున్నది ఎడమకూ కుడికీ మధ్య తేడాను.

చదునైన రోడ్డు మీద ఎనిమిది పది కిలోమీటర్లు నడపండి. బ్రేకు వీలైనంత తక్కువ వాడండి. చివర్లో బండిని దానంతట అదే ఆగనివ్వండి. డిస్కును ముట్టుకోకండి, చర్మం అంటుకుపోతుంది. చక్రానికి జానెడు దూరంలో అరచేయి పెడితే చాలు, తేడా తెలిసిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే రెండు పక్కలా ఒకే చోట గురిపెట్టండి. మెరిసే అల్లాయ్ చక్రం మీద అది అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి తుప్పు రంగు తేలిన చోటు ఎంచుకోండి. ఒక పక్క 60 డిగ్రీలు, రెండో పక్క 150 చూపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. వేడి డిస్కు మీద నీళ్లు మాత్రం పోయకండి, పగులుతుంది.

ఇక్కడే చాలామంది అసలు అవకాశం పోగొట్టుకుంటారు. బండిని చల్లారనిచ్చి మర్నాడు షెడ్డుకు తీసుకెళ్తారు. అప్పటికి చక్రం హాయిగా తిరుగుతుంటుంది. దొంగ వెళ్లిపోయాక కాపలా కాసినట్టు! పరీక్ష బ్రేకు పట్టి ఉండగానే చేయాలి.

ముందు ఒక సంగతి అర్థం కావాలి. ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు అదిమే పట్టు పేరు క్యాలిపర్, అందులో ప్యాడును నెట్టే ముక్క పిస్టన్. కాలు తీయగానే క్యాలిపర్‌లో పిస్టన్ వెనక్కి ఎలా వస్తుంది? స్ప్రింగు ఉంటుందనుకుంటారు. చాలా క్యాలిపర్లలో ఉండదు. పిస్టన్ చుట్టూ చదరపు అంచుల రబ్బరు సీలు ఒకటి ఉంటుంది. బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకు జరిగినప్పుడు ఆ రబ్బరు దానితోపాటు మెలితిరుగుతుంది, ఒత్తిడి పోగానే మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను కూడా వెనక్కి లాక్కొస్తుంది. అదీ మిల్లీమీటరులో ఏ కొద్ది భాగమో. అంటే బ్రేకు పట్టడానికి మీ పాదం బలమంతా ఉంది, వదలడానికి మాత్రం ఒక రబ్బరు ఉంగరం ఓపిక తప్ప ఏమీ లేదు. పట్టేసే రోగాలన్నీ ఈ బలహీనత దగ్గరే పుడతాయి.

ఇప్పుడు బండికి జాకీ పెట్టి, స్టాండు వేసి, చక్రాన్ని చేత్తో తిప్పండి. తిరగడం లేదు కదా? క్యాలిపర్ వెనక ఉన్న గాలి తీసే నిపిల్‌కు రింగు స్పానరే పెట్టండి, మామూలు స్పానరైతే అంచులు గుండ్రమైపోతాయి. నిపిల్ కొనకు సన్నని ట్యూబు తొడిగి, రెండో కొస సీసాలో పెట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి. ఇప్పుడు పావు చుట్టు వదలండి.

ఆయిల్ చిమ్మి చక్రం తిరిగిందా? అయితే క్యాలిపర్‌లో ఒత్తిడి ఇరుక్కుపోయింది, తప్పు పైన ఎక్కడో ఉంది. చుక్క కారినా చక్రం అలాగే బిగుసుకుని ఉందా? తప్పు అక్కడే, ఇనుములో. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా సామాను మార్చడం మొదలుపెడితే డబ్బు ఖర్చవుతుంది, జబ్బు ఉండిపోతుంది.

ఇనుములో అయితే పని తేలికే. క్యాలిపర్ జారే పిన్నులు రెండూ బయటికి తీయండి. తుప్పు పట్టి ఉంటే శుభ్రం చేసి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు రాయండి. బేరింగు గ్రీజు రాస్తే పిన్ను మీది రబ్బరు తొడుగు (బూటు) ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పిన్నులు బాగుంటే పిస్టన్‌ను సి-క్లాంపుతో మెల్లగా లోపలికి నెట్టి చూడండి. మొరాయించినా, దాని మీద తుప్పు గుంతలు కనిపించినా క్యాలిపరే మార్చాలి.

ఒత్తిడి ఇరుక్కున్న రకమే మనుషులను తిప్పలు పెడుతుంది. నా దగ్గరికి ఒక చిన్న కారు వచ్చింది. అప్పటికే మరో చోట ఎడమ క్యాలిపర్, ప్యాడ్లు, డిస్కు మూడూ మార్చారు. రెండు రోజులు బాగుండి మళ్లీ పట్టేసింది. నిపిల్ వదలగానే చక్రం తిరిగింది. నిపిల్ బిగించి, పెడల్ నాలుగుసార్లు తొక్కించి, మళ్లీ పట్టేలా చేశాను. ఈసారి క్యాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ పైన ఇనుప గొట్టంతో కలిసే నట్టు వదిలాను. చక్రం కదల్లేదు. తర్వాత నిపిల్ వదిలితే తిరిగింది. అంటే ఆ రెంటి మధ్య ఉన్నది హోస్ ఒక్కటే. దాన్ని తీసి బ్లేడుతో నిలువునా చీల్చాను. పైకి నిగనిగలాడుతూ ఉంది గానీ లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. కొత్త హోస్‌లో అగ్గిపుల్ల దూరిపోతుంది, ఇందులో కుట్టు సూది కూడా కష్టమే. పాదం నెడితే ఆయిల్ ఆ నాలుకను తోసుకుని వెళ్తుంది, తిరిగి రావడానికి పాపం ఆ సీలుకు అంత బలమెక్కడిది? హోస్‌ను అలా పాడుచేసే పని ఒకటి మనమే చేస్తాం: ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్‌ను దాని మీదే వేలాడదీయడం. తీగతో స్ప్రింగుకు కట్టండి.

హోస్ పై నట్టు వదిలినప్పుడే చక్రం తిరిగి ఉంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి. అందులో ఒక సన్నని రంధ్రం ఉంటుంది. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడే అది తెరుచుకుని, వేడికి వ్యాకోచించిన ఆయిల్‌ను డబ్బాలోకి పోనిస్తుంది.

‘బ్రేక్ ఆయిల్’ అనే పేరు గురించి ఒక మాట. ఇంజిన్ ఆయిల్‌కు దీనికి చుట్టరికం లేదు. ఇందులో వాడే రకాలు డాట్ 3, డాట్ 4 రెండూ గ్లైకాల్ అనే రసాయనాల జాతివి. పేరును బట్టి డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోసినవాళ్లను చూశాను. రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి నాలుగు చక్రాలూ పట్టేస్తాయి, అప్పుడు లైనులోని రబ్బరంతా మార్చాల్సిందే. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదైతే 140కే మరగవచ్చు. పట్టేసి కాలిన బ్రేకులోని ఆయిల్‌ను తీసేసి కొత్తది పోయండి, గాలి తీయండి.

అభ్యాసం: ఒక కారులో బ్రేక్ లైటు స్విచ్ మార్చారు. మర్నాటి నుంచి పొద్దున బాగానే ఉంటుంది, పది కిలోమీటర్లు నడిచేసరికి పెడల్ గట్టిపడి నాలుగు చక్రాలూ పట్టేస్తున్నాయి, అరగంట ఆపితే వదులుతున్నాయి. హోస్‌లు, క్యాలిపర్లు కొత్తవే. స్పానరు పట్టే ముందు మీరు చేత్తో చూడాల్సింది ఏది?