డెస్క్‌టాప్ మీద అనిమే బొమ్మ, పక్కన తెలుగు గడియారం: రెయిన్‌మీటర్‌తో అమర్చే పద్ధతి

అనిమే డెస్క్‌టాప్ అని వెతికితే కనిపించే స్క్రీన్‌షాట్లలో పది పన్నెండు విడ్జెట్లు కిక్కిరిసి ఉంటాయి. గడియారం, వాతావరణం, సీపీయూ మీటర్, ర్యామ్ మీటర్, అర్థం తెలియని జపనీస్ అక్షరాలు. ఫొటోకు బాగుంటాయి, రోజువారీ వాడకానికి కాదు. బ్రౌజర్ తెరవగానే అన్నీ దాని వెనక్కి పోతాయి, నేపథ్యంలో మాత్రం నడుస్తూనే ఉంటాయి. నిజంగా పనికొచ్చేవి మూడు: ఒక బొమ్మ, దాని పక్కన గడియారం-తేదీ, కావాలంటే వింటున్న పాట పేరు. ఈ మూడూ ఒకే చేతి పనిలా కనిపిస్తే చాలు.

జపాన్‌లో ఈ సరదా పాతదే. 2000 నాటి ఉకాగాకా బొమ్మలు తెర మూలన నిలబడి యూజర్‌తో కబుర్లాడేవి. 2009లో విండోస్ 7 వచ్చినప్పుడు అక్కడ మడోబె ననామి అనే అమ్మాయి బొమ్మతో ప్రత్యేక ప్యాక్ కూడా అమ్మారు. మనం వాడబోయేది రెయిన్‌మీటర్. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది. విడ్జెట్‌ను ఇది స్కిన్ అంటుంది. ఒక్కో స్కిన్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోగలిగే ఒక ఐఎన్ఐ ఫైలు.

ఒక మాట ముందే: ఇక్కడ తెలుగులో రాసిన ఆప్షన్ పేర్లన్నీ ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయాలి. వాటి తర్వాత సమానం గుర్తు, ఆ తర్వాత విలువ. ఒక్కో ఆప్షన్ ఒక్కో వరుసలో.

బొమ్మ సిద్ధం చేయడం

సగం పని ఇక్కడే. నేపథ్యం పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీ కావాలి. దొరికిన బొమ్మకు తెల్ల నేపథ్యం ఉంటే గింప్ అనే ఉచిత బొమ్మల ఎడిటర్‌లో తీసేయవచ్చు. అయితే తీసేశాక జుట్టు చుట్టూ సన్నటి తెల్ల అంచు మిగులుతుంది. ముదురు రంగు వాల్‌పేపర్ మీద అది సుద్దముక్కతో గీసినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బొమ్మను సెలెక్ట్ చేసి, సెలెక్ట్ మెనూలో ష్రింక్‌కు 1 పిక్సెల్ ఇచ్చి, సెలెక్షన్‌ను ఇన్వర్ట్ చేసి డిలీట్ నొక్కితే ఆ అంచు పోతుంది. ఒకటి చాలకపోతే 2. అంతకు మించితే సన్నటి జుట్టుపాయలు తెగిపోతాయి.

తర్వాత సైజు. 1920×1080 తెరకు బొమ్మ ఎత్తు 700 నుంచి 800 పిక్సెళ్లు సరిపోతుంది. పెద్ద ఫైలునే పెట్టి రెయిన్‌మీటర్‌లో కుదించవచ్చు కదా అనిపిస్తుంది. వద్దు. 3000×4000 బొమ్మను విప్పితే ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 48 ఎంబీ మెమరీ అవుతుంది. పైగా అంతగా కుదించినప్పుడు గీతల అంచులు గరుకుగా వస్తాయి. గింప్‌లోనే కావలసిన సైజుకు తగ్గించి సేవ్ చేయండి.

నడుము దాకానే ఉన్న బొమ్మయితే దాని తెగిన అంచు సరిగ్గా టాస్క్‌బార్ పై అంచుకు ఆనాలి. విండోస్ 11లో స్కేలింగ్ 100 శాతం ఉన్నప్పుడు టాస్క్‌బార్ ఎత్తు 48 పిక్సెళ్లు. పది పిక్సెళ్లు పైకి జరిగినా బొమ్మ గాల్లో వేలాడుతుంది.

బొమ్మ చూపు తెర మధ్యవైపు ఉండాలి. కుడి మూలన పెట్టిన బొమ్మ కుడికే చూస్తుంటే మనకు వీపు తిప్పినట్టుంటుంది. ఇమేజ్‌ఫ్లిప్ ఆప్షన్‌కు హారిజాంటల్ అని ఇస్తే తిరగబడుతుంది. కానీ కిమోనో వేసుకున్న పాత్రను తిప్పకండి. కిమోనోలో వేసుకున్నవారి ఎడమవైపు అంచు కుడి అంచు మీదికి రావాలి. తిప్పితే కుడిది పైకి వస్తుంది, జపాన్‌లో శవానికి అలా కడతారు. తెలిసినవాళ్లు మొదట చూసేది అదే.

చివరగా బొమ్మలోంచి మూడు రంగులు ఏరుకోండి: జుట్టుది, బట్టలది, కళ్లది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని కలర్ పికర్‌ను విండోస్+షిఫ్ట్+సి తో తెరిచి రంగు మీద నొక్కితే విలువ కాపీ అవుతుంది. అది ఆర్‌జీబీ రూపంలో వచ్చేలా సెట్టింగ్స్‌లో పెట్టుకోండి. గడియారానికీ గీతలకూ ఈ మూడే వాడాలి. నాలుగో రంగు వచ్చిందంటే పొందిక చెడుతుంది.

ఇల్లస్ట్రోను కాపీ చేసి మార్చడం

రెయిన్‌మీటర్‌ను దాని సొంత సైట్ నుంచి దించుకుని స్టాండర్డ్ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేస్తే ఇల్లస్ట్రో అనే స్కిన్ల కట్ట వెంటే వస్తుంది. ఖాళీ ఫైలుతో మొదలుపెట్టేకన్నా దాన్నే కాపీ చేసి మార్చడం తేలిక. డాక్యుమెంట్స్‌లో రెయిన్‌మీటర్, అందులో స్కిన్స్ ఫోల్డర్ తెరవండి. ఇల్లస్ట్రో ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసి కొత్త పేరు పెట్టండి, ఇంగ్లిష్ అక్షరాల్లో. అసలుదాన్ని ముట్టుకోవద్దు, ఎక్కడైనా తప్పితే పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం. మీ బొమ్మను కొత్త ఫోల్డర్‌లోని @రిసోర్సెస్ లోపల వేయండి. తర్వాత సిస్టమ్ ట్రేలోని నీటిబొట్టు ఐకాన్ మీద నొక్కి, మేనేజ్ విండోలో రిఫ్రెష్ ఆల్ ఇస్తే కొత్త ఫోల్డర్ జాబితాలోకి వస్తుంది.

మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లోకి మళ్లి ఉంటే స్కిన్లు కూడా అక్కడికే పోతాయి. అప్పుడు ఒక కంప్యూటర్‌లో మార్చింది ఇంకోదానిలో మారిపోవడం, ఫైలు క్లౌడ్‌లోనే ఉండిపోయి స్కిన్ తెరుచుకోకపోవడం లాంటి చికాకులు వస్తాయి. రెయిన్‌మీటర్‌ను పూర్తిగా మూసి, యాప్‌డేటాలోని రెయిన్‌మీటర్ ఫోల్డర్‌లో ఉన్న రెయిన్‌మీటర్ ఐఎన్ఐ ఫైలు తెరిచి, స్కిన్‌పాత్ విలువను వన్‌డ్రైవ్ బయటి ఫోల్డర్‌కు మార్చండి, స్కిన్లను కూడా అక్కడికి తరలించండి.

బొమ్మకు వేరే స్కిన్ చేయాలి. కొత్త కట్టలో ఒక సబ్‌ఫోల్డర్ తెరిచి, అందులో ఐఎన్ఐ ఫైలు పెట్టండి. మొదటి విభాగం పేరు చదరపు బ్రాకెట్లలో రెయిన్‌మీటర్, కింద అప్‌డేట్ విలువ -1. కదలని బొమ్మను సెకనుకోసారి మళ్లీ చూడాల్సిన పని లేదు, -1 అంటే లోడ్ అయినప్పుడు ఒక్కసారే. రెండో విభాగానికి మీకు నచ్చిన పేరు, కింద మీటర్ విలువ ఇమేజ్, ఇమేజ్‌నేమ్ విలువగా #@# రాసి వెంటనే ఖాళీ లేకుండా బొమ్మ ఫైలు పేరు. అంతే. స్కిన్ జాబితాలో కనిపించకపోతే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: నోట్‌ప్యాడ్ దాన్ని ఐఎన్ఐ చివర టీఎక్స్‌టీ తగిలించి సేవ్ చేసి ఉంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే బయటపడుతుంది.

గడియారానికి తెలుగు నేర్పడం

కొత్త కట్టలోని క్లాక్ ఐఎన్ఐ తెరవండి. పైన వేరియబుల్స్ విభాగంలో ఫాంట్ పేరు, అక్షరాల సైజు, రంగులు ఉంటాయి. రంగు నాలుగు సంఖ్యలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, చివర పారదర్శకత 0 నుంచి 255 దాకా. వెనక నల్లటి పలక వద్దనుకుంటే బ్యాక్‌గ్రౌండ్‌మోడ్ విలువ 1 చేయండి.

సమాచారం తెచ్చే విభాగాన్ని మెజర్ అంటారు, దాన్ని తెర మీద చూపించేది మీటర్. సమయం, వారం, తేదీలకు మూడు మెజర్లు ఉంటాయి. సమయం ఫార్మాట్‌లో శాతం గుర్తు పక్కన పెద్ద హెచ్ ఉంటే 24 గంటల లెక్క. దాని బదులు పెద్ద ఐ పెడితే 12 గంటలది. శాతానికీ ఐకీ మధ్య # పెడితే ముందున్న సున్నా పోయి 09:30 బదులు 9:30 వస్తుంది. వారం, తేదీ మెజర్ల కింద ఫార్మాట్‌లొకేల్ అనే వరుస కలిపి, విలువగా టీఈ, హైఫన్, ఐఎన్ రాయండి. సేవ్ చేసి స్కిన్ మీద రైట్ క్లిక్‌తో రిఫ్రెష్ ఇస్తే మండే పోయి సోమవారం వస్తుంది. ఈ పేర్లు విండోస్ నుంచే వస్తాయి కాబట్టి ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) ఉన్నా ఫరవాలేదు.

మీ సొంత తెలుగు మాట, అంటే పాత్ర పేరో పలకరింపో ఫైల్లో రాస్తే మాత్రం పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అది ఫాంట్ తప్పు కాదు. నోట్‌ప్యాడ్ మామూలుగా యూటీఎఫ్-8లో సేవ్ చేస్తుంది, రెయిన్‌మీటర్‌కు యూటీఎఫ్-16 ఎల్ఈ కావాలి. సేవ్ యాజ్ విండో కింది భాగంలో ఎన్‌కోడింగ్ మార్చి అదే పేరుతో సేవ్ చేయండి.

తెలుగు పెట్టినవాళ్లకు మరో తమాషా ఎదురవుతుంది. సోమవారం నుంచి గురువారం దాకా అంతా బాగానే ఉంటుంది, శుక్రవారం రాగానే క్రావడి కింది భాగం తెగిపోతుంది. ఇల్లస్ట్రోలో వారం, తేదీ గళ్ల ఎత్తు 14 పిక్సెళ్లే. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే ఎత్తు అది, మన ఒత్తులకు చాలదు. ఆ రెండు మీటర్ల కింద హెచ్ విలువను 24కు పెంచండి, అక్షరాలు పెద్దవైతే ఇంకా ఎక్కువ. శుక్రవారం దాకా ఆగనక్కర్లేదు. వారం మెజర్ ఫార్మాట్‌లో తాత్కాలికంగా "శుక్రవారం, అక్టోబర్" అని రాసి (ఎన్‌కోడింగ్ సంగతి మరవకండి) చూసుకుని తీసేయండి.

ఫాంట్ల విషయంలో నిర్మల యూఐ విండోస్‌లో ఉన్నదే, చదవడానికి సులువు, కానీ అనిమే వాతావరణానికి మరీ ఆఫీసు మనిషిలా ఉంటుంది. గుండ్రటి గీతలున్న బాలూ తమ్ముడు 2 దానికన్నా బాగా నప్పుతుంది. జపనీస్ అక్షరాలు కూడా పెడుతుంటే ఎం ప్లస్ రౌండెడ్ 1సి దానికి సరైన జోడీ. బరువైన శీర్షిక కావాలంటే రామభద్ర. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫైళ్లను @రిసోర్సెస్ లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో వేస్తే విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే పనిచేస్తాయి. ఫాంట్‌ఫేస్‌లో రాయాల్సింది ఫైలు పేరు కాదు, ఫాంట్ కుటుంబం పేరు. ఫైలుపై డబుల్ క్లిక్ చేస్తే పైన కనిపించేది అదే.

రెప్పలు ఆర్పించడం

రెయిన్‌మీటర్ గిఫ్‌ను ఆడించదు. కానీ కళ్లు ఆర్పడానికి రెండు బొమ్మలు చాలు: కళ్లు తెరిచినది పేరు చివర 0తో, మూసినది 1తో, రెండూ ఒకే సైజు. ఒక్క పిక్సెల్ తేడా ఉన్నా రెప్ప వేసినప్పుడల్లా తల ఊగుతుంది.

బొమ్మ స్కిన్ అప్‌డేట్‌ను -1 నుంచి 200 (మిల్లీసెకన్లు) చేయండి, అంటే సెకనుకు ఐదుసార్లు. లెక్కలు చేసే క్యాల్క్ మెజర్ ఒకటి పెట్టి, అప్‌డేట్‌కోసారి ఒకటి పెరిగే కౌంటర్‌ను 20తో భాగిస్తే వచ్చే శేషం సున్నా అయితే 1, లేకపోతే 0 ఇచ్చేలా ఫార్ములా రాయండి. శేషానికి శాతం గుర్తు, షరతుకు ప్రశ్నార్థకం, కోలన్. ఇమేజ్ మీటర్‌కు మెజర్‌నేమ్‌గా ఈ మెజర్ పేరిచ్చి, ఇమేజ్‌నేమ్‌లో అంకె ఉండాల్సిన చోట %1 రాయండి. నాలుగు సెకన్లకోసారి 0.2 సెకను పాటు కళ్లు మూసుకుంటాయి. అప్‌డేట్‌ను 200 బదులు 1000 చేస్తే రెప్ప ఒక సెకను మూసి ఉంటుంది, బొమ్మ కునికిపాట్లు పడుతున్నట్టుంటుంది.

ఈ వేగాన్ని గడియారం స్కిన్‌లోకి తేకండి. ముఖ్యంగా వాతావరణం ఉన్న స్కిన్‌లోకి. సైట్ల నుంచి సమాచారం తెచ్చే వెబ్‌పార్సర్ మామూలుగా 600 అప్‌డేట్లకోసారి సైట్‌ను అడుగుతుంది: 1000 మీద అది 10 నిమిషాలు, 200 మీద 2 నిమిషాలే. కొన్ని సైట్లు ఆపేస్తాయి. పాత వాతావరణ స్కిన్లు పనిచేయకపోవడానికి కారణం మాత్రం వేరు, అవి ఆధారపడిన సైట్లు మారిపోయాయి, లేదా సేవ మూసేశాయి. వాటిని బాగుచేస్తూ కూర్చోవడం దండగ.

పాట పేరుకు నౌప్లేయింగ్ ప్లగిన్ ఉంది, ఎయింప్, వినాంప్ లాంటి ప్లేయర్లతో బాగా కలుస్తుంది. స్పాటిఫైతో పాట, గాయకుల పేర్లు తప్ప పెద్దగా రావు. యూట్యూబ్‌లో వినేవాళ్లకు వెబ్‌నౌప్లేయింగ్ ప్లగిన్, దాని బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ రెండూ కావాలి.

తెర మీద నిలబెట్టడం

మేనేజ్ విండోలో ఒక్కో స్కిన్‌కు పొజిషన్ ఆన్ డెస్క్‌టాప్ పెట్టండి, విండోస్+డి నొక్కినా మాయం కాదు. బొమ్మకు క్లిక్ త్రూ ఆన్ చేస్తే దాని వెనకున్న ఐకాన్లు నొక్కవచ్చు. అన్నీ కుదిరాక డ్రాగబుల్ తీసేయండి. సన్నటి అక్షరాల గడియారాన్ని మౌస్‌తో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పూర్తిగా పారదర్శకమైన పిక్సెల్‌కు క్లిక్ తగలదు. ఆ మీటర్‌కు సాలిడ్‌కలర్ 0,0,0,1 ఇస్తే కంటికి కనపడదు, చేతికి దొరుకుతుంది.

4కె తెరపై స్కిన్లు చీమల్లా కనిపిస్తే విండోస్ స్కేలింగ్ పెంచి లాభం లేదు, రెయిన్‌మీటర్ పిక్సెళ్ల లెక్కనే నడుస్తుంది. వేరియబుల్స్‌లో స్కేల్ అనే విలువ పెట్టుకుని, సైజులన్నీ బ్రాకెట్లలో దానితో గుణించి రాయాలి. ఏదైనా కనిపించకపోతే ముందు అబౌట్ విండోలోని లాగ్ చూడండి, ఫైలు దొరకలేదన్న ఫిర్యాదు అక్కడే ఉంటుంది. అమరిక నచ్చాక లేఔట్స్‌లో పేరు పెట్టి సేవ్ చేయండి. ఆటలు ఆడేవాళ్లు రెయిన్‌మీటర్ 4.5 వెర్షన్ నుంచి ఉన్న గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఫుల్ స్క్రీన్‌లో స్కిన్లు ఆగిపోతాయి.

ఇతరుల ప్యాకేజీలు దించుకునేటప్పుడు ఇన్‌స్టాలర్ చూపించే జాబితాలో ప్లగిన్లు ఉన్నాయేమో చూడండి. అవి మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములే, ఊరూపేరూ లేనివైతే వద్దు. మీరు చేసినదాన్ని పంచుకోవాలంటే బొమ్మ ఎవరిదో చూసుకోవాలి. పిక్సివ్ అనే జపనీస్ చిత్రాల సైట్‌లో చాలామంది చిత్రకారులు "ముదన్ తెన్సాయ్ కిన్షి" అని రాసుకుంటారు, అనుమతి లేకుండా మళ్లీ పెట్టకూడదని అర్థం. అలాంటప్పుడు ఐఎన్ఐ ఫైళ్లు మాత్రం ప్యాక్ చేసి, బొమ్మ స్థానంలో అదే పేరుతో, అదే సైజులో ఖాళీ పీఎన్‌జీ ఒకటి పెట్టి పంపండి.