అండమాన్ వానాకాలం: బోటు ఆగినా, ఫోన్ మూగబోయినా చిక్కుకోకుండా

నైరుతి రుతుపవనాలు కేరళకంటే ముందు అండమాన్‌నే పలకరిస్తాయి, మామూలుగా మే నెల మూడో వారంలో. అప్పటి నుంచి సెప్టెంబరు దాకా బోట్ల టైంటేబుల్‌ను అంచనాగా మాత్రమే చూడాలి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల బెడద వేరే.

ముందు పేర్ల సంగతి. పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయ పురం. హావ్‌లాక్, నీల్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్. టికెట్ మీద ఒక పేరు, ఆటోవాడి నోట ఇంకో పేరు ఉంటాయి. లిటిల్ అండమాన్‌కు వెళ్లే బోటు మీద ‘హట్ బే’ అని, గ్రేట్ నికోబార్ ఓడ మీద ‘క్యాంప్‌బెల్ బే’ అని జెట్టీల పేర్లే కనిపిస్తాయి. కంగారు పడకండి.

ఏ దారికి ఎంత ముప్పో తెలిస్తే సగం పని అయినట్టే. ఈ కాలపు గాలి నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి పెద్ద దీవులకు తూర్పు పక్కనున్న హావ్‌లాక్ దారికి కొంత చాటు దొరుకుతుంది. హట్ బే దారిలో ఆ చాటు లేదు. అక్కడి నుంచి కార్ నికోబార్‌కు దాటే టెన్ డిగ్రీ ఛానల్ దాదాపు 150 కిలోమీటర్ల బయలు సముద్రం, ఓడ ఊగిపోతుంది. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఆ రోజు బోటు మీద ఆశ వదులుకోవచ్చు. ఆగిన బోటు తిరిగి కదిలినా, అప్పటికే జెట్టీలో రెండు రోజుల జనం పోగై ఉంటారు. అసలు ఇబ్బంది అక్కడే. అందుకే విమానానికి రెండు రోజుల ముందే పోర్ట్ బ్లెయిర్ చేరండి. నికోబార్ నుంచైతే వారం చేతిలో ఉంచుకోండి. ‘హెలికాప్టర్ ఉందిగా’ అనుకోవద్దు. సీట్లు కొద్ది, రోగులకే మొదటి ప్రాధాన్యం, మబ్బు కమ్మితే అదీ ఎగరదు. నికోబార్ దీవులకు బయటివాళ్లకు ట్రైబల్ పాస్ తప్పనిసరి. అది చేతికొచ్చాకే ఓడ టికెట్ సంగతి చూడండి.

ఉత్తరాన రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్‌లకు మాత్రం అండమాన్ ట్రంక్ రోడ్డు ఉంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా జారవా ఆదివాసుల రిజర్వ్‌లో వాహనాలను నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గానే వదులుతారు. ఆఖరి కాన్వాయ్ తప్పితే ఆ రాత్రి అక్కడే. అడవిలో ఆగడం, ఫొటో తీయడం, జారవాలకు తినడానికి ఏదైనా ఇవ్వడం నేరం. సాయంత్రం ఐదున్నర, ఆరు గంటలకే చీకటి పడుతుంది. పైగా వానల్లో చెట్లు రోడ్డుకు అడ్డంగా పడుతుంటాయి. తెల్లవారుజామునే బయల్దేరడం మేలు.

ఇక ఫోన్. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలైంది. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు హావ్‌లాక్, లాంగ్ ఐలాండ్, రంగత్, హట్ బే, కార్ నికోబార్, కమోర్తా, క్యాంప్‌బెల్ బేలకు అందుతుంది. అయితే కేబుల్ తీరం దాకానే. ఊళ్లోని టవర్‌కు కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే సిగ్నలూ పోతుంది. ఒక బీఎస్ఎన్ఎల్ సిమ్, ఇంకో కంపెనీది ఒకటి పెట్టుకోండి. డేటా రాకపోయినా ఒక్కోసారి ఎస్ఎంఎస్ వెళ్తుంది. సిగ్నల్ లేనిచోట ఫోన్ దానికోసం వెతుకుతూనే బ్యాటరీ తినేస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నెట్ లేకపోతే యూపీఐ లేదు, ఓటీపీ రాదు. నాలుగు రోజుల తిండికీ గదికీ సరిపడా నగదు, అందులో చిన్న నోట్లు ఎక్కువగా ఉంచుకోండి. మ్యాప్, టికెట్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. టికెట్‌కొక కాగితం కాపీ, ఒరిజినల్ గుర్తింపు కార్డు జిప్ కవర్లో. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ తేవడం మన దేశంలో నేరం.

విశాఖ, చెన్నై, కోల్‌కతా నుంచి ఓడలో వచ్చేవాళ్లు, తీరం కనుమరుగయ్యాక రెండు మూడు రోజులు ఫోన్ పలకదని ఇంట్లో ముందే చెప్పాలి. ‘ఫలానా రోజు దాకా ఎదురుచూడండి, తర్వాతే ఓడ ఆఫీసుకు ఫోన్ చేయండి’ అని తేదీతో సహా చెబితే అనవసరపు హడావుడి ఉండదు.

వాంతుల మాత్ర బోటెక్కాక వేసుకుంటే దండగ, గంట ముందే వేసుకోవాలి. మధ్య వరసలో, కింది అంతస్తులో కుదుపు తక్కువ. రోజూ వాడే మందులు అనుకున్న రోజులకంటే ఓ వారానికి ఎక్కువే తెచ్చుకోండి. కాళ్లకు గాయం ఉంటే వాననీటి బురదలో నడవద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీటితో సోకే లెప్టోస్పైరోసిస్ జ్వరం ఇక్కడ మామూలే. వాగులు, మడ అడవుల దగ్గర మొసళ్లుంటాయి.

అత్యవసరానికి 112, సముద్రంలో ఆపదకు కోస్ట్ గార్డ్ 1554. నిలబడలేనంతగా భూమి కంపించినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి తగ్గినా ఫోన్‌లో హెచ్చరిక వస్తుందేమోనని చూడకుండా గుట్టెక్కేయండి. కంపం దగ్గర్లో పుడితే సునామీ అల నిమిషాల్లోనే వచ్చేస్తుంది. మొదటి అల వెళ్లిపోయిందని కిందికి దిగొద్దు, తర్వాతవి ఇంకా పెద్దవి కావచ్చు.