పదిమందితో ఒకే గుడ్డ కుట్టించడం ఎలా: ఒక క్వేకర్ టీచరమ్మ చూపిన దారి

మొదటిసారి ఇంగ్లండ్‌లోని కెండాల్ ఊళ్లో ఆ గుమ్మం తొక్కింది బొమ్మల కోసం కాదు, వాన తప్పించుకోవడానికి. లేక్ డిస్ట్రిక్ట్‌లో వాన మొదలైతే ఏదో ఒక కప్పు కిందికి దూరాల్సిందే. మేం దూరింది క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల మీటింగ్ హౌస్‌లోకి, అంటే 1816 నాటి వాళ్ల ప్రార్థన మందిరంలోకి. గోడల నిండా ఉన్నితో కుట్టిన బొమ్మలున్నాయి. రైళ్లు, జైళ్లు, ఓడలు, పెద్ద టోపీల మగవాళ్లు. అన్నీ కలిపి క్వేకర్ టాపెస్ట్రీ అంటారు. మొత్తం 77 ప్యానెళ్లట, అంటే విడివిడి బొమ్మల గుడ్డలు, 15 దేశాల నుంచి సుమారు 4,000 మంది చేతులు పడ్డాయట. చూసి వచ్చాక, మా శనివారం తెలుగు క్లాసు పిల్లలతో ఇలాంటిది ఒక్కటైనా కుట్టించాలని పట్టుబట్టాను. రెండేళ్లు పట్టింది. మీరూ చేయాలనుకుంటే నాకంటే తక్కువ తిప్పలు పడతారని రాస్తున్నాను.

ముందు దీన్ని మొదలుపెట్టిన టీచర్ గురించి చెప్పాలి. ఆవిడ పేరు యాన్ విన్-విల్సన్. ఇంగ్లండ్‌లోని టాంటన్ ఊళ్లో క్వేకర్ల పిల్లలకి క్లాసు చెప్పేవారు, కుట్టుపనిలో మంచి చెయ్యి. 1981లో క్లాసులో పదకొండేళ్ల అబ్బాయితో మాటల్లో ఉండగా క్వేకర్ల కథని బొమ్మలుగా చెబితే బాగుంటుందన్న ఆలోచన పుట్టింది. అది 1996 దాకా సాగింది. అంటే క్లాసులో పుట్టిన మాటకి పదిహేనేళ్లు. ఆవిడ 77 ప్యానెళ్లూ తన చేత్తో కుట్టలేదు, కుట్టాలనీ అనుకోలేదు. గుడ్డ ఎలాంటిది, కొలత ఎంత, దారం ఏది, ఏయే కుట్లు, ఇవి గట్టిగా ఖాయం చేసి మిగతాది జనానికి వదిలేశారు. నా లెక్కలో మొత్తం కిటుకు అదే.

క్వేకర్లంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 17వ శతాబ్దంలో జార్జ్ ఫాక్స్ మొదలుపెట్టిన క్రైస్తవ శాఖ, తమని తాము ఫ్రెండ్స్ అనుకుంటారు. ఇంగ్లండ్‌లో వాళ్ల ప్రార్థనకి పాస్టర్ ఉండడు, పాటలుండవు, ఓ గంట మౌనంగా కూర్చుంటారు, ఎవరికైనా లోపల్నుంచి మాట వస్తే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు, చివర్లో చేతులు కలుపుకుని లేస్తారు. తమాషా ఏంటంటే పాతకాలం క్వేకర్లకి బొమ్మలూ సంగీతమూ నాటకాలూ అంటే పడేది కాదు, అన్నీ డాబు కిందే లెక్క. కుట్టుపని మాత్రం పనికొచ్చే పని కాబట్టి బతికిపోయింది. 1779లో క్వేకర్లు పెట్టిన ఆక్‌వర్త్ స్కూల్లో ఆడపిల్లలు గుడ్డ మీద కుట్టిన పతకాల్లాంటి బొమ్మల నమూనాలు ఇప్పటికీ దాచుకుంటున్నారు.

సరే, పనిలోకి వద్దాం. మొదట గుడ్డ కొనకండి, ప్రశ్న వెతకండి. అదీ పిల్లల నోటి నుంచి రావాలి. నేను మొదట్లో పెద్దదాన్ని కదా అని "మన సంస్కృతి" అని విషయం ఇచ్చాను, పిల్లలు ఆవులించారు. రెండు వారాల తర్వాత ఒక పాప "అమ్మమ్మా వాళ్లంతా అక్కడుంటే మనం ఇక్కడికెందుకొచ్చాం ఆంటీ?" అంది. ఇంకేం కావాలి! సూట్‌కేసు, నాలుగు కవర్లలో చుట్టిన ఆవకాయ సీసా, వాన, వీడియో కాల్‌లో సగం నుదురే కనిపించే తాతయ్య, అన్నీ అరగంటలో కాగితం మీదికొచ్చేశాయి. పిల్లల బొమ్మల్ని దిద్దకండి. కెండాల్ ప్యానెళ్లలో చాలావాటికి అడుగున పిల్లలు గీసినవి గీసినట్టే కుట్టారు, వంకర గుర్రం వంకరగానే ఉంటుంది, జనం ముందు దాన్నే చూస్తారు.

ఏ బొమ్మ ఉండాలి, ఏది తీసేయాలి అన్న దగ్గర గొడవలవుతాయి, మాకూ అయ్యాయి. ఇక్కడ క్వేకర్ల పద్ధతి అరువు తెచ్చుకోండి. వాళ్లు ఓటు వేయరు. ఒక క్లర్క్ ఉంటాడు, అందరి మాటలూ విని సభ ఎటు మొగ్గుతోందో అక్కడికక్కడే కాగితం మీద రాసి చదువుతాడు, అందరికీ సరే అయితేనే అది తీర్మానం. మాటకీ మాటకీ మధ్య కాసేపు మౌనం. మన తెలుగువాళ్లతో మౌనమా అని నవ్వకండి, రెండు నిమిషాలు పనిచేసింది. మూడో నిమిషంలో ఒకాయన ఫోన్ మోగిందనుకోండి, అది వేరే సంగతి.

కొలత: కెండాల్ ప్యానెల్ 25 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల ఎత్తు. అదే పెట్టుకోండి, ఒకేసారి ముగ్గురు చుట్టూ కూర్చుని కుట్టొచ్చు, ఇంటికి పట్టుకెళ్లొచ్చు. చుట్టూ మూడేసి అంగుళాలు వదిలి గుడ్డ 31కి 27 కత్తిరించండి. ఉన్ని గుడ్డ, వెనకాల పలుచని నూలు గుడ్డ కలిపి టాకాలు వేయండి, లేకపోతే లాగినప్పుడు సాగిపోతుంది. గుడ్డ బిగించే గుండ్రటి రింగు వాడొద్దు, ఉన్ని మీద గుండ్రంగా ముద్ర పడితే ఇక పోదు. మగ్గం వర్క్ చేసేవాళ్లు వాడేలాంటి నాలుగు కర్రల ఫ్రేం మేలు.

బొమ్మ గుడ్డ మీదికి ఎక్కించడం కూడా మగ్గం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. ట్రేసింగ్ పేపర్ మీద గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి పైన పొడి రుద్దుతారు చూడండి, అదే. వాళ్లు పొడిని కిరసనాయిల్లో కలుపుతారు, మీరు ఉన్ని మీద అంత పని చేయకండి, ఒట్టి సుద్దపొడి చాలు. రుద్దాక చుక్కలన్నీ రంగు పెన్సిల్‌తో వెంటనే కలిపేయాలి, పొద్దున చూద్దాంలే అంటే పొద్దుటికి ఏమీ ఉండదు.

కుట్లు తక్కువ పెట్టుకోండి. 77 ప్యానెళ్లకీ యాన్ పెట్టుకున్నవి ఆరే. కాడ కుట్టు, గొలుసు కుట్టు మనకి తెలిసినవే. ముడి కుట్టు కళ్లకీ పువ్వులకీ. చీలిక కుట్టులో సూది వెనక్కొచ్చి ముందు వేసిన కుట్టు దారాన్నే రెండుగా చీలుస్తూ పైకొస్తుంది, ముఖాల గీతలకి దాన్ని మించింది లేదు. ఐదోది బయూ కుట్టు. ఫ్రాన్స్‌వాళ్ల 11వ శతాబ్దపు బయూ టాపెస్ట్రీ ఉంది కదా, దాదాపు 70 మీటర్ల పొడవు (పేరుకే టాపెస్ట్రీ, మగ్గం మీద నేసింది కాదు, కుట్టిందే, కెండాల్‌ది కూడా అంతే), దాని నుంచి తీసుకున్నది. జాగా అంతా పొడుగు దారాలు పక్కపక్కనే పరిచి, వాటి మీద అడ్డంగా ఎడంగా దారాలు వేసి, ఆ అడ్డ దారాల్ని చిన్న కుట్లతో బిగిస్తారు. వెనకవైపు దారం దాదాపు పోదు, పొదుపు. ఆరోది ఆవిడే కనిపెట్టారు. అక్షరాల మెలికలు కాడ కుట్టుతో సరిగా తిరగడం లేదని కాడ కుట్టునీ చీలిక కుట్టునీ కలిపి తాడులా ఉబ్బుగా వచ్చే కుట్టు చేశారు, దాని పేరే క్వేకర్ కుట్టు. ఇంగ్లీషు అక్షరాలకే ఆవిడ అంత అవస్థ పడితే మన "క్షీ"కీ "ణ్య"కీ ఏం కావాలో ఆలోచించండి. తెలుగులో పేరు కుట్టాలంటే ఒక్కో అక్షరం కనీసం అంగుళంన్నర ఎత్తు పెట్టండి, తలకట్లు వేరుగా కుట్టండి.

దారం మూరెడే. మోచేతి నుంచి వేలి కొసదాకా, అంతకంటే పొడుగు పెడితే ఉన్ని నూగు లేచి సన్నబడుతుంది. పిల్లలు మాటిమాటికీ ఎక్కించుకోవాలని విసుక్కుంటారు, ఎక్కించి పెట్టడానికి ఒక తాతగారిని కూర్చోబెట్టండి. మాకు దొరికిన తాతగారు కుట్టేవాళ్లందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పారు, పిల్లల తెలుగు ఆ బల్ల దగ్గరే బాగుపడింది. 1928లో మద్రాసుకి టీచరుగా వచ్చి తర్వాత క్వేకర్ అయిన మార్జోరీ సైక్స్, సేవాగ్రాంలో గాంధీగారి నయీ తాలీం టీచర్లకి శిక్షణ ఇచ్చారు. చేతిపని ద్వారానే చదువు అనే ఆ పద్ధతి నాకు పుస్తకంలో కంటే ఆ బల్ల దగ్గరే ఎక్కువ అర్థమైంది.

ఇప్పుడు అసలు కష్టం. బాగా కుట్టే అత్తయ్యలు ఇద్దరుంటారు, వాళ్లు రాత్రి ఇంటికి పట్టుకెళ్లి పిల్లల కుట్లు విప్పి మళ్లీ కుడతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ మర్నాడు ఆ పిల్లాడు తను కుట్టిన గడ్డి కోసం వెతుక్కుని, కనబడక మళ్లీ రాడు, మాకలా ఇద్దరు తగ్గారు. ముందే చెప్పేయండి: దారం ఊడిపోయేలా ఉంటే తప్ప ఎవరి కుట్టూ ఎవరూ విప్పకూడదు. చెయ్యి తిరిగినవాళ్లకి ముఖాలూ వేళ్లూ అక్షరాలూ ఇవ్వండి, కొత్తవాళ్లకి గడ్డి, గోడలు, ఆకాశం. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి ఎవరు ఎప్పుడు ఏ జాగా కుట్టారో రాయించండి, ఒక్క కుట్టు వేసిన పోస్ట్‌మ్యాన్ పేరు కూడా.

దారాల దగ్గర నాలా చేయకండి. ఎరుపు తక్కువైందని ఆన్‌లైన్‌లో చౌకగా దొరికింది తెప్పించాను. అంతా అయ్యాక ప్యానెల్‌ని బోర్డు మీద పిన్నులతో లాగి, నీళ్లు చల్లి ఆరబెడతాం, ముడతలు పోవడానికి. పొద్దున లేచేసరికి ఆవకాయ సీసా ఎరుపంతా పక్కనున్న సూట్‌కేసులోకి దిగిపోయింది. ఏ దారమైనా ముందు తడిపి తెల్ల గుడ్డ మీద నొక్కి చూడండి. పిల్లలు మాత్రం సీసా కారిందని పడీపడీ నవ్వారు, నిజంగా అలాగే జరుగుతుంది కదా ఆంటీ, వదిలేయండి అన్నారు. వదిలేశాం.

అద్దం బిగిస్తే ఉన్నికి తగలకుండా అర అంగుళం ఎడం ఉండాలి. చుట్టి దాచాల్సి వస్తే కుట్టిన వైపు బయటికి ఉండేలా చుట్టండి, నెలకోసారి విప్పి పురుగు పట్టిందేమో చూడండి. మాది ఇప్పుడు క్లాసు గదిలో వేలాడుతోంది, కొత్తగా వచ్చిన పిల్లలు ముందు ఆ ఎర్ర మరక దగ్గరికే వెళ్తారు.