ఓడ ఇంజిన్ కంపనం: ఫైరింగ్ ఆర్డర్‌ను ఎప్పుడు అనుమానించాలి?

టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో (ప్రతి సిలిండర్ చుట్టుకు ఒకసారి మండేది) క్రాంకుల, అంటే పిస్టన్లు తిప్పే షాఫ్ట్ వంపుల మధ్య కోణాలే ఫైరింగ్ ఆర్డర్‌ను, అంటే సిలిండర్లు మండే వరుసను నిర్ణయిస్తాయి కనుక, క్రాంక్ షాఫ్ట్ తయారైన తరువాత ఓడలో ఉన్నవారు దానిని మార్చలేరు. ఏ వరుసను ఎంచుకున్నా ఏదో ఒక కంపనం మిగులుతుంది. అది ఏదో తెలుసుకోవడానికి, ఒక చుట్టుకు ఎన్నిసార్లు కంపిస్తోందో ముందుగా లెక్కించాలి.

సమస్య: ఆరు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 100 చుట్లు తిరుగుతుండగా ఓడ 200 సార్లు నిలువుగా ఊగుతోంది.
కారణం: 1-5-3-4-2-6 వరుసలో 60 డిగ్రీలకు ఒక సిలిండర్ మండుతుంది. ఈ అమరికలో చుట్టుకు ఒకసారి వచ్చే మూమెంట్ (ఇంజిన్‌ను ఒరిగించే బలం) పూర్తిగా రద్దవుతుంది గానీ, రెండుసార్లు వచ్చేది మిగిలిపోయి ఇంజిన్ ముందు, వెనుక కొనలను మార్చిమార్చి పైకీ కిందికీ ఊపుతుంది. డిజైనర్ తెలిసే అంగీకరించిన లోపమిది.
పరిష్కారం: మూమెంట్ కాంపెన్సేటర్ (ఆ బలాన్ని రద్దు చేసేందుకు తిరిగే బరువులు) ఉంటే అది తిరుగుతోందో లేదో, ముఖ్యంగా దాన్ని తిప్పే చైన్ విప్పి బిగించిన తరువాత దాని బరువులు గుర్తుల ప్రకారమే కూర్చున్నాయో లేదో చూడాలి.

సమస్య: ఒక వేగం దగ్గర మాత్రమే (నిమిషానికి 100 చుట్లు అనుకుందాం), నిమిషానికి 600 సార్లు షాఫ్ట్ మెలితిరిగే కంపనం వస్తోంది.
కారణం: చుట్టుకు ఆరు తాకిడులు ఏ వరుసలోనైనా ఒకదానికొకటి తోడవుతాయి కనుక దీనికి ఫైరింగ్ ఆర్డర్‌ను నిందించి ప్రయోజనం లేదు.
పరిష్కారం: నిషేధిత వేగ పరిధిని (నిరంతరం నడపకూడని వేగాలను) త్వరగా దాటాలి, షాఫ్ట్ మెలిక కంపనాన్ని తగ్గించే డ్యాంపర్‌ను పరీక్షించాలి.

సమస్య: టూ-స్ట్రోక్‌లో చుట్టుకు ఒకసారి, ఫోర్-స్ట్రోక్‌లో (ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండే ఇంజిన్) రెండు చుట్లకు ఒకసారి వచ్చే కుదుపు కొత్తగా మొదలైంది.
కారణం: ఒక సిలిండర్ మిగిలిన వాటితో సమానంగా మండడం లేదు.
పరిష్కారం: అన్ని సిలిండర్ల ఇండికేటర్ డయాగ్రమ్‌లు (సిలిండర్ లోపలి ఒత్తిడిని చూపే గీతలు) తీసి పోల్చి, తేడా ఉన్నచోట ఫ్యూయల్ వాల్వ్‌నూ పంపునూ చూడాలి.

సమస్య: 3, 4 సిలిండర్ల మధ్య మెయిన్ బేరింగ్ వేడెక్కుతోంది.
కారణం: పక్కపక్క సిలిండర్లు వెంటవెంటనే మండకూడదని మనం చదువుకుంటాం; కానీ పై 1-5-3-4-2-6 వరుసలో 3 తరువాత 4 మండుతుంది. మూమెంట్‌ను రద్దు చేయడం కోసం డిజైనర్ ఆ నియమాన్ని వదులుకుని, ఆ భారానికి తగినట్టే బేరింగ్‌ను లెక్కకట్టాడు. కనుక కొత్తగా వచ్చిన వేడికి కారణం వరుస కాదు.
పరిష్కారం: క్లియరెన్స్ (బేరింగ్‌లోని ఎడం), క్రాంక్ డిఫ్లెక్షన్ (షాఫ్ట్ వంగుతున్న కొలత), నూనె సరఫరా పరిశీలించాలి.

సమస్య: పల్స్ టర్బోచార్జింగ్ (ప్రతి సిలిండర్ పొగ తాకిడితోనే టర్బోచార్జర్‌ను తిప్పే పద్ధతి) ఉన్న ఫోర్-స్ట్రోక్‌లో కొన్ని సిలిండర్ల ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత పెరిగింది.
కారణం: 1-5-3-6-2-4 వరుసలో 1, 2, 3 ఒక పైపులోకి, 4, 5, 6 మరో పైపులోకి వదులుతాయి, అందువల్ల ఒకే పైపులో 240 డిగ్రీల ఎడం దొరికి, ఒక సిలిండర్ వదిలిన పొగ ఒత్తిడి మరొకదాని ప్రక్షాళనకు (మండిన పొగను బయటికి తోసేయడానికి) అడ్డురాదు. రెండు పైపుల మధ్య అడ్డుగోడ పగిలితే ఆ ఏర్పాటు చెడుతుంది.
పరిష్కారం: టర్బోచార్జర్ గ్యాస్ ప్రవేశ ద్వారం విప్పి ఆ గోడను చూడాలి.

ఓడను వెనక్కి నడిపేటప్పుడు టూ-స్ట్రోక్‌లో వరుస 1-6-2-4-3-5గా కనబడడం మాత్రం లోపం కాదు.